డమ్మీ చేతిని బల్ల మీద పరిచిన తరువాత: బ్రిడ్జి ఆటలో ముందుచూపు కథ



వచ్చే సర్వసభ్య సమావేశంలో మన సంఘం మేడ మీది గదిలోంచి చీట్ల బల్ల తీసేయాలని ఒక తీర్మానం రాబోతున్నది. పిల్లలు చదువుకునే చోట పేకాట ఏమిటి అని అడిగే తల్లుల మాటలో న్యాయం లేకపోలేదు. మన వీధుల్లోనే పేకాటలో నగలు, ఇంటి పత్రాలు పోగొట్టుకున్న కుటుంబాలను మనమందరం చూసినాము. అందుకని ఈ వారం మా వ్యాసం ఆ బల్ల మీద ఆడే ఆటల్లో ఒకదాని గురించే. అది బ్రిడ్జి. ఈ ఆట ఎక్కడ పుట్టింది, ఇందులో 'ఆలోచించి ఆడటం' అనేది ఎప్పుడు, ఎట్లా వచ్చింది అన్నది తెలుసుకొని, ఆ తరువాత చెయ్యెత్తి ఓటు వేద్దాం.

ముందు మాటల సంగతి. మేము బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర దిద్దుకున్నవాళ్లం. అయినా చీట్ల దగ్గరికి వచ్చేటప్పటికి రెండు భాషలకూ తేడా కనబడదు. మనం తురుపు అంటే వాళ్లు తురుప్పు అంటారు. మనం కళావరు అంటే వాళ్లు కలావర్ అంటారు. డచ్చి వాళ్ల భాషలో కళావరుకు పేరు క్లావెర్, ఆఠీనుకు హార్టెన్, ఆసుకు ఆస్, తురుపుకు ట్రూఫ్. మచిలీపట్నం, పళవేర్కాడు, నాగపట్నం, ఈ మూడు రేవుల్లోనూ 17వ శతాబ్దంలో డచ్చి వాళ్ల కోఠీలు ఉండినవి. ఆ పోలిక మీరే చూసుకోండి. తెలుగు తీరానికీ తమిళ తీరానికీ ఒకే ఓడల మీద దిగిన సరుకు ఇది. కాబట్టి ఈ ముక్కలు మనకు నిన్న మొన్న వచ్చినవి కావు.

బ్రిడ్జికి తల్లి విస్ట్ అనే ఆట. నలుగురు కూర్చుంటారు, ఎదురెదురు వాళ్లు జత. 52 ముక్కలు, తలా 13. ఒకరు ముక్క వేస్తే మిగతా ముగ్గురూ అదే జాతి ముక్క వేయాలి. పెద్ద ముక్క వేసినవాళ్లది పట్టు. ఆ జాతి లేనివాళ్లు తురుపు కొట్టవచ్చు. ఇంగ్లండులో 1742లో ఎడ్మండ్ హాయిల్ అనే ఆయన విస్ట్ మీద ఒక చిన్న పుస్తకం వేసినారు. అంతకు ముందు సత్రాల్లో, కాఫీ దుకాణాల్లో నోటి మాటగా నడిచిన ఆట అప్పటినుంచి చదువుకునే విషయమైంది. 1862లో హెన్రీ జోన్స్ అనే డాక్టరు 'కావెండిష్' అనే మారుపేరుతో ఇంకొక పుస్తకం రాసినారు. ఏ ముక్క ముందు వేయాలి, జతగాడు వేసిన ముక్కను బట్టి ఏమి ఊహించాలి అని సూత్రాలు కట్టినారు.

అయినా విస్ట్‌లో ఒక కొరత ఉంది. ఆడేవాడికి కనబడేది తన 13 ముక్కలే. మిగతా 39 ముక్కలూ మూసి ఉన్నవి. జతగాడి చేతిలో ఏముందో కూడా తెలియదు. అట్లాంటప్పుడు ముందుగా పథకం వేసుకోవడం ఎట్లా? జ్ఞాపకం ఉంచుకోవాలి, అలవాటు ప్రకారం వేయాలి, ఊహించాలి. అంతే. కాబట్టి విస్ట్ ప్రధానంగా జ్ఞాపకశక్తి ఆట.

ఈ కొరత తీర్చింది ఒక చిన్న మార్పు. 1886లో లండన్‌లో 'బిరిచ్, లేక రష్యన్ విస్ట్' అనే చిన్న పుస్తకం అచ్చయింది. ఆ ఆటలో ఒక జతలో ఒకరు తమ 13 ముక్కలనూ బల్ల మీద వెల్లకిలా పరిచేస్తారు. ఆ చేతినే డమ్మీ అంటారు. ఆ రెండు చేతులనూ జతగాడు ఒక్కడే ఆడతాడు. అతడే డిక్లేరర్. 1894 నాటికి ఆట లండన్‌లోని పోర్ట్‌లాండ్ క్లబ్బులోకి చేరింది.

చూడటానికి చిన్న మార్పే గాని లెక్క మారిపోయింది. ఇప్పుడు డిక్లేరర్‌కు 26 ముక్కలు కనబడుతున్నవి. తన జత బలం, బలహీనం అంతా కళ్ల ముందే ఉంది. ఎదుటివాళ్లకు కూడా డమ్మీ కనబడుతుంది, కాని వాళ్లకు తమ జతగాడి చెయ్యి కనబడదు. తన సైన్యం మొత్తాన్ని చూసి నడపగలిగే అధికారం డిక్లేరర్ ఒక్కడికే వచ్చింది. ముందుగా పథకం వేసుకోవడం అప్పుడే సాధ్యమైంది. మాకు తోచినంతవరకు బ్రిడ్జి చరిత్రలో ఇది మొదటి మలుపు.

రెండో మలుపు వేలంపాట. తురుపు ఏదో ఒకరే నిర్ణయించే బదులు నలుగురూ పాట పాడి, ఎక్కువ పాడినవాళ్లు ఆడటం మొదలైంది. ఈ పద్ధతికి మన దేశంతో కూడా సంబంధం ఉంది. 1904లోనే అలహాబాదులో ఈ ఆక్షన్ బ్రిడ్జి మీద పుస్తకం అచ్చయింది. ఇక్కడి ఇంగ్లీషు ఉద్యోగులు పొద్దుపోక ఆడిన ఆట అది.

కాని ఆక్షన్ బ్రిడ్జిలో ఒక లోపం. మీరు ఏడు పట్లే పాడి పది పట్లు తెచ్చుకున్నారనుకోండి, ఆ పదీ మీ ఖాతాలో పడేవి. ఇంకేమి, అందరూ తక్కువ పాడి ఎక్కువ పట్టేవాళ్లు. 'నాకు ఖచ్చితంగా ఎన్ని కావాలి?' అనే ప్రశ్నకు పదును లేదు.

ఆ పదును పెట్టింది హెరాల్డ్ వాండర్‌బిల్ట్. ఈయన గురించి చెప్పేటప్పుడు మా రైల్వే వాళ్లకు కొంచెం ఛాతీ పొంగుతుంది. అమెరికాలో న్యూయార్క్ సెంట్రల్ రైలుమార్గాన్ని ఏలిన కుటుంబం వాళ్లది. ఆయన ముత్తాత కార్నీలియస్ వాండర్‌బిల్ట్. 1925 శరదృతువులో ఆయన ఫిన్లండ్ అనే ఓడ మీద లాస్ ఏంజెలెస్ వైపు రేవునుంచి పనామా కాలువ మీదుగా హవానాకు పోతూ, తోటి ప్రయాణికులతో కూర్చొని ఒక కొత్త లెక్కల పద్ధతిని ఆడి చూసినారు. పాడినదే ఖాతాకు చెల్లుతుంది, దానికి మించి తెచ్చినది గేముకు లెక్కలోకి రాదు అన్నదే ఆ పద్ధతి సారం. పాడి చేయలేకపోతే దండుగ. ఇదే కాంట్రాక్ట్ బ్రిడ్జి. నాలుగైదు ఏళ్లలోనే పాత ఆటను పక్కకు నెట్టేసింది.

దీనివల్ల డిక్లేరర్‌కు వచ్చిన మేలు ఏమిటి? గురి. తొమ్మిది అని పాడినావా, తొమ్మిది తేవాలి. ఎనిమిది వస్తే ఓటమి. పది వచ్చినా పెద్ద లాభం లేదు. పథకం అనేది అంకె నుంచి మొదలవుతుంది. అంకె లేని చోట ఆశ ఉంటుంది గాని పథకం ఉండదు. రిటైరైనవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నెలకు ఇంత అని లెక్క ఉన్నప్పుడే కద మనం పొదుపుగా నడుచుకునేది.

ఆ తరువాత ఎలై కల్బర్ట్‌సన్ వచ్చినారు. మంచి ఆటగాడు, అంతకంటే మంచి ప్రచారకుడు. 1931 డిసెంబరులో సిడ్నీ లెంజ్ జట్టుతో 150 రబ్బర్ల పందెం మొదలుపెట్టి 1932 జనవరిలో గెలిచినారు. అమెరికా పత్రికలు దాన్ని మొదటి పేజీలో వేసినవి. అప్పుడే బ్రిడ్జి ఇంటింటి ఆట అయింది. అయితే కల్బర్ట్‌సన్ పేరు ఎక్కువగా పాట పద్ధతికే. 'ముక్కలు ఎట్లా ఆడాలి' అన్నదానికి పాఠ్యపుస్తకం అనదగినది 1934లో లూయీ వాట్సన్ రాసినారు. తొంభై ఏళ్లు దాటినా ఆ పుస్తకం పేరు చెప్పుకుంటూనే ఉన్నారు.

ఈ పుస్తకాలన్నీ చుట్టి చుట్టి చెప్పేది ఒకటే. డమ్మీ బల్ల మీదికి దిగిన తరువాత, మొదటి పట్టుకు ముక్క వేయకముందే ఆగు. లెక్కపెట్టు. తరువాతే చెయ్యి కదుపు. సింగిల్ లైను మీద లైన్ క్లియర్ తీసుకోకుండా స్టేషన్ మాస్టరు బండిని వదలడు కద, అట్లాగే.

మాట చెబితే సరిపోదు, ఒక చెయ్యి వేసి చూద్దాం. ఆట తెలియనివాళ్లు కూడా ఓపికగా చదివితే తెలుస్తుంది. కాంట్రాక్టు మూడు నోట్రంప్. అంటే తురుపు లేదు, 13 పట్లలో తొమ్మిది తేవాలి.

ఉత్తరం – డమ్మీ
ఇస్పేటు: 7, 4
ఆఠీను: రాజు, 6, 3
డైమను: ఆసు, రాణి, జాకీ, 10, 5
కళావరు: 8, 5, 2

దక్షిణం – డిక్లేరర్
ఇస్పేటు: ఆసు, 8, 5
ఆఠీను: ఆసు, రాణి, 4
డైమను: 9, 6, 2
కళావరు: ఆసు, రాజు, 7, 3

పడమర కూర్చున్నవాడు ఇస్పేటు రాజు దించినాడు. అంటే వాడి దగ్గర ఇస్పేటులో రాజు, రాణి, జాకీ వరుసగా ఉన్నవని, ఆ జాతి వాడికి పొడుగని అనుకోవచ్చు. కొత్తవాడైతే ఏమి చేస్తాడు? చేతిలో ఆసు ఉంది కద అని వెంటనే వేసి పట్టు తీసుకుంటాడు.

మనం ఆగుదాం. మొదటి ప్రశ్న: ఖాయంగా వచ్చే పట్లు ఎన్ని? ఇస్పేటు ఆసు 1, ఆఠీనులో ఆసు రాజు రాణి 3, డైమను ఆసు 1, కళావరు ఆసు రాజు 2. మొత్తం 7. రెండో ప్రశ్న: ఎన్ని తక్కువ? రెండు. మూడో ప్రశ్న: అవి ఎక్కడినుంచి వస్తవి? డైమనులోనే. మన దగ్గర లేని పెద్ద ముక్క డైమను రాజు ఒక్కటే. దక్షిణం నుంచి 9 వేసి డమ్మీలో చిన్నది వదిలితే, రాజు పడమర చేతిలో ఉంటే అది చిక్కిపోతుంది. తూర్పు చేతిలో ఉంటే ఆ పట్టు వాళ్లకు పోతుంది, తరువాత డైమనులో నాలుగు పట్లు మనవి. ఎట్లా అయినా కావలసినవి వస్తవి.

నాలుగో ప్రశ్నే అసలైనది: ఏమి తప్పిపోవచ్చు? తూర్పు డైమను రాజుతో పట్టు తీసుకొని ఇస్పేటు తిరిగి వేసినాడనుకోండి. మనం మొదటి పట్టుకే ఆసు ఖర్చు పెట్టేసి ఉంటే, పడమర వాడు మిగిలిన నాలుగు ఇస్పేట్లూ వరుసగా పట్టేస్తాడు. రాజు ఒకటి, ఇస్పేట్లు నాలుగు, అయిదు పట్లు పోయినవి. మనకు మిగిలేది ఎనిమిది. ఒక్క పట్టుతో ఓడిపోయినాము.

ఇప్పుడు ఇంకొక విధంగా ఆడదాం. ఇస్పేటు రాజు వేసినాడా, చిన్న ముక్క వేసి వదిలేద్దాం. మళ్లీ ఇస్పేటు వేస్తాడు, మళ్లీ వదిలేద్దాం. మూడోసారి ఆసుతో పడదాం. మన రెండు చేతుల్లో ఇస్పేట్లు 5, వాళ్ల దగ్గర 8. అవి 5-3గా పడే అవకాశం నూటికి 47. అట్లా పడితే తూర్పు చేతిలో మూడు ఇస్పేట్లూ అయిపోయినవి. ఇప్పుడు డైమను రాజుతో తూర్పు పట్టు తీసుకున్నా, తిరిగి వేయడానికి వాడి దగ్గర ఇస్పేటు లేదు. పడమర చేతిలో రెండు పెద్ద ఇస్పేట్లు ఉన్నా అవి చెల్లని నోట్లు. మనం పోగొట్టుకున్నది రెండు ఇస్పేట్లు, ఒక డైమను. మనకు వచ్చినవి పది.

ఇస్పేట్లు 4-4గా ఉంటే? దాని అవకాశం నూటికి 33. అప్పుడు తూర్పు దగ్గర ఇంకొక ఇస్పేటు ఉంటుంది. వాళ్లకు ఇస్పేట్లు మూడు, డైమను ఒకటి, మొత్తం నాలుగు పోయినవి. మనకు సరిగ్గా తొమ్మిది. అప్పుడు కూడా గెలుపే.

ఎన్నిసార్లు వదలాలి అనేదానికి ఒక సులువు లెక్క ఉంది. ఏడులోంచి మన రెండు చేతుల్లో ఉన్న ఆ జాతి ముక్కలను తీసేయండి. ఇక్కడ 7లోంచి 5 పోతే 2. రెండుసార్లు వదలాలి. చేతిలో ఆసు ఉన్నా వదిలి ఊరుకోవడం విస్ట్ కాలంనుంచీ ఉన్నదే. ఆసు, జాకీ చేతిలో పెట్టుకొని ఎదుటివాడి రాజును పోనిచ్చే ఎత్తును ఇంగ్లండులోని బాత్ ఊరి పేరుతో 'బాత్ కూ' అంటారు. అయితే విస్ట్‌లో అది ఒక గడుసు ఎత్తు. డమ్మీ కనబడే బ్రిడ్జిలో అది లెక్కలోంచి పుట్టిన నిర్ణయం. తేడా అక్కడే ఉంది.

లెక్క అన్నాము కద. ఒక చేతికి 13 ముక్కలు ఎన్ని రకాలుగా రావచ్చునో తెలుసా? 63,501 కోట్లకు పైన. ఇన్ని రకాలు ఉన్నా, ఒక జాతి ముక్కలు ఎదుటివాళ్ల మధ్య ఎట్లా పంచుకొని ఉంటవో లెక్క కట్టవచ్చు. వాళ్ల దగ్గర అయిదు ఉంటే 3-2గా పడేది నూటికి 68, 4-1గా 28, 5-0గా 4. ఫ్రాన్సు దేశపు గొప్ప గణిత పండితుడు ఎమిల్ బోరెల్, ఆండ్రే షెరాన్‌తో కలిసి 1940లో బ్రిడ్జి గణితం మీద ఒక పూర్తి గ్రంథమే వేసినారు. చీట్లాటను అంత పెద్దమనిషి చిన్నచూపు చూడలేదు.

మూడో మలుపు డూప్లికేట్ పద్ధతి. ఎంత ఆలోచించినా మంచి ముక్కలు వచ్చినవాడే గెలుస్తాడు కద అనే అనుమానానికి ఇది జవాబు. 1857లోనే లండన్‌లో కావెండిష్ స్నేహితులు ఒక పరీక్ష చేసినారు. నలుగురు గట్టివాళ్లు, నలుగురు అంతంత మాత్రంవాళ్లు. ఒక బల్ల మీద పంచిన ముక్కలనే ఇంకొక బల్ల మీద మార్చి ఆడించినారు. అవే ముక్కలతో గట్టివాళ్లే గెలిచినారు. ఇప్పటి పోటీలన్నీ ఈ దారిలోనే నడుస్తవి. మీ చేతికి వచ్చిన ముక్కలే పక్క బల్ల మీద అదే దిక్కున కూర్చున్నవాడికీ వస్తవి. వాడు తొమ్మిది తెచ్చి మీరు ఎనిమిది తెస్తే అదృష్టాన్ని తిట్టుకోవడానికి లేదు.

ఈ దారిలోనే మనవాళ్లు పేరు తెచ్చినారు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో మొదటిసారి బ్రిడ్జి పెట్టినప్పుడు, పురుషుల జంటలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బంగారు పతకం గెలిచినారు. అప్పటికి ఒకరికి 60 ఏళ్లు, ఇంకొకరికి 56. అదే క్రీడల్లో స్త్రీపురుషుల మిశ్రమ జట్టుకు కంచు పతకం వచ్చింది. ఆ జట్టులో కిరణ్ నాడార్, హేమా దేవరా వంటి మహిళలతో పాటు బాచిరాజు సత్యనారాయణ గారు కూడా ఉన్నారు. అరవై దాటినవాళ్లం ఇంక దేనికీ పనికిరాము అని సంఘంలో నిట్టూర్చేవాళ్లకు ఈ మాట చెప్పాలి.

ఇక చట్టం మాట. పేకాట అంటేనే జూదమా? ఈ ప్రశ్న మన తెలుగువాళ్ల ఊరినుంచే సుప్రీంకోర్టుకు పోయింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుండగా పోలీసులు పట్టుకున్న కేసు అది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె.సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసులో 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రమ్మీలో పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలి ఏది పారేయాలి అనేదానికి నేర్పు కావాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పు ఆట అని కోర్టు చెప్పింది. అట్లా చెబుతూ పోలికకు తెచ్చుకున్నది బ్రిడ్జినే. ముక్కలు కలిపి పంచే ఆటలో కొంత అదృష్టం ఉండనే ఉంటుంది, బ్రిడ్జిలో ఉన్నంతే రమ్మీలోనూ అని వాళ్ల తర్కం. అంటే బ్రిడ్జి నేర్పు ఆట అన్నదాని మీద కోర్టుకు సందేహమే లేదు. అయితే క్లబ్బు ఆ ఆటమీద లాభం గుంజితే నేరం కావచ్చునని కూడా అదే తీర్పు హెచ్చరించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. నేర్పు ఆటైనా, అదృష్టం ఆటైనా డబ్బు పెడితే అక్కడ నిషేధమే.

కాబట్టి తల్లులు భయపడే మాట నిజమే, కాని భయపడవలసింది ముక్కలకు కాదు, ముక్కల కింద పెట్టే నోట్లకు. ఆ రెండింటినీ వేరు చేయగలిగితే బల్ల ఉండనియ్యండి. చేయలేకపోతే తీసేయండి. మధ్యేమార్గం వద్దు.

మా మనవి మూడు మాటల్లో. ఒకటి, ఆ గదిలో డబ్బు పెట్టి ఏ ఆటా ఆడకూడదని సంఘం నియమావళిలోనే రాద్దాం. తప్పినవాళ్లకు, ఎంత పెద్దవాళ్లైనా, సభ్యత్వం పోవాలి. రెండు, ఆదివారం సాయంత్రం రెండు గంటలు డూప్లికేట్ పద్ధతిలో బ్రిడ్జి పెడదాం. ఆడవాళ్లు, పదో తరగతి దాటిన పిల్లలు కూడా కూర్చోవచ్చు. మూడు, నేర్పేటప్పుడు తెలుగులో నేర్పుదాం. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు, తురుపు అని మన అవ్వాతాతల నోట్లో నాలుగు వందల ఏళ్లు నానిన మాటలు ఆ బల్ల దగ్గరైనా పిల్లల చెవిన పడతవి. ఇప్పుడు మన ఇళ్లలో పిల్లలకు తెలుగు వినబడే చోట్లు ఎన్ని మిగిలినవో మీకు తెలియనిది కాదు.

వచ్చిన ముక్కలు మన చేతిలో లేవు. ఎన్ని ఉన్నవి, ఎన్ని తక్కువ, ఎక్కడినుంచి తేవాలి, ఏమి తప్పిపోవచ్చు అని ఆగి లెక్క చూసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. పదహారేళ్ల పిల్లవాడికి ఈ నాలుగు ప్రశ్నలు అలవాటైతే, వాడు రేపు అప్పు పత్రం మీద సంతకం పెట్టేముందు కూడా అవే అడుగుతాడు. సమావేశానికి తప్పక రండి. బల్ల ఉండాలన్నా, పోవాలన్నా, నలుగురి ఎదుట చెప్పండి.